మా వీధి గడ్డాలు

మార్చి 1, సోమవారం

బీమా ఏజెంటు ఏటా ఒక డైరీ ఇస్తాడు. ఏటా అది అద్దం వెనక చేరి నూనె మరకలు పట్టించుకుంటుంది. ఈ ఏడు రాద్దామనిపించింది. మధ్యాహ్నం షాపులో ఈగలు తప్ప ఎవరూ లేరు. పైగా ఈ రోజు జరిగింది ఇంకొకరితో చెప్పుకునేది కాదు.

పొద్దున రేడియోలో బడ్జెట్ ప్రసంగం. మా కటింగ్ షాపుకి ఉన్నది ఒకటే కుర్చీ అయినా బడ్జెట్ రోజు మాత్రం నిలబడ్డానికి చోటుండదు. కుర్చీలో లెక్కల మాష్టారు. రిటైరై పదేళ్ళయినా రోజు విడిచి రోజు వచ్చి గడ్డం చేయించుకుంటారు. బల్ల మీద ఎదురింటి టైలరు, పోస్ట్‌మాను. గుమ్మంలో కందిరీగ. అతనికి సైకిళ్ళ షాపుంది, అసలు పేరూ ఉంది, కానీ దేనిమీదైనా గుయ్యిమంటూ లేస్తాడని అందరూ ఇలాగే పిలుస్తారు.

సబ్బుల మీద పన్ను పెంచారు. సైకిల్ టైర్ల మీద పెంచారు. కందిరీగ అప్పటికే ఒంటికాలి మీద లేచి ఉన్నాడు.

"రేపు తుమ్ము మీద కూడా వేస్తారు. ఒక్క తుమ్ముకి ఇంత, వరసగా తుమ్మితే రాయితీ" అన్నాడు.

మాష్టారు నవ్వబోయారు. "కదలకండి మాష్టారూ" అన్నాను. కత్తి గడ్డం కింద ఉంది. సరిగ్గా అప్పుడే మంత్రిగారు, కటింగ్ షాపులూ బ్యూటీ పార్లర్ల సేవల మీద పన్ను పెంచుతున్నాం అన్నారు. అందరూ ఒక్కసారిగా నా వైపు చూశారు. చెయ్యి కదిలింది.

ఆవగింజంత గాటు. పటిక రాశాను. కాస్త నెత్తురొచ్చింది. మాష్టారు తువ్వాలు గడ్డం కింద అదిమి పెట్టుకుని సగం నురగతోనే లేచారు. "మిగతాది తర్వాత చూద్దాంలేవయ్యా, ఇంట్లో పనుంది" అని, ఎప్పటిలాగే డబ్బులు అద్దం ముందు పెట్టి వెళ్ళారు.

ముప్పై నాలుగేళ్ళలో నా చెయ్యి ఎవరి నెత్తురూ చూడలేదు. మంత్రిగారు ఆ మాట ఒక్క నిమిషం ఆగి అని ఉంటే ఈ రోజూ చూసేది కాదు.

మార్చి 2, మంగళవారం

మాష్టారు ఊరెళ్ళారని టైలరు చెప్పాడు. నాతో చెప్పకుండా ఊరెళ్ళే మనిషి కాదు. పన్నుల దెబ్బకి మనుషులే మారిపోతున్నారు.

మార్చి 4, గురువారం

నిన్నంతా ఆలోచించి ఈ రోజు ఒక నిర్ణయానికి వచ్చాను. రేటు పెంచను. పన్ను ఎంతయితే అంతా నేనే భరిస్తాను. ఈ వీధివాళ్ళు నన్ను పోషించారు. మా పెద్దపిల్ల పెళ్ళికి టైలరు బట్టలన్నీ కుట్టి కుట్టుకూలి తీసుకోలేదు. అలాంటి వాళ్ళ దగ్గర మంత్రిగారి పేరు చెప్పి చెయ్యి చాపలేను.

ఆ మాటే గట్టిగా అన్నాను. షాపులో టైలరూ కందిరీగా ఉన్నారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అన్నయ్యా, నువ్వు మా కోసం మునిగిపోతానంటే మేం చూస్తూ ఊరుకుంటామా? ఇదిగో, ఈ పన్ను తీసేదాకా నేను గడ్డం చేయించుకోను" అన్నాడు టైలరు.

"నేనూ అంతే. గడ్డం బొడ్డు దాకా పెరిగినా సరే" అన్నాడు కందిరీగ.

అలా చేస్తే నాకు వచ్చేది కూడా పోతుంది కదరా అనబోయి ఆగిపోయాను. వాళ్ళు నా కోసం పట్టుదలకి పోతున్నారు. అలాంటప్పుడు లెక్కలు తీయకూడదు. కటింగ్‌కి మాత్రం మామూలుగానే వస్తామన్నారు. మనసు నిండిపోయింది.

అక్షరాలు వంకరపోతున్నాయి. డైరీతో పాటు ఏజెంటు ఊరికే ఇచ్చిన పెన్ను ఇంతకంటే ఏం రాస్తుంది.

మార్చి 6, శనివారం

మా ఆవిడ వారం రోజులుగా నాకు టీ సగం కప్పే పోస్తోంది. అడిగితే, "మళ్ళీ కావాలంటే మళ్ళీ పోస్తాను కదండీ" అంటుంది. పాల మీద కూడా పన్ను వేశారేమో, నేను విన్నప్పుడు ఆ ముక్క దాటిపోయి ఉంటుంది.

మార్చి 9, మంగళవారం

పోస్ట్‌మాను కూడా చేరాడు. బట్టలు ఇస్త్రీ చేసే అతనూ, మందుల షాపు ముసలాయనా కూడా. ఆ ముసలాయన ఇన్నేళ్ళలో గడ్డంతో బజారులోకి వచ్చింది ఒక్క తమ్ముడు పోయినప్పుడే. ఇప్పుడు నా కోసం. "ఎందుకండీ మీకీ వయసులో" అంటే, "దురదగా ఉంటే ఉండనీ, గవర్నమెంటుకి బుద్ధి రావద్దూ?" అన్నారు.

కటింగులు ఉన్నాయి. టైలరుకి ఈ రోజు చేశాను. వెనకవైపు కాస్త మెట్లు పడ్డాయి. దువ్వెన పళ్ళు అరిగిపోయాయి, మార్చాలి. అతను రెండద్దాలు పెట్టి చూసుకుని, "బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యా" అన్నాడు.

మార్చి 12, శుక్రవారం

మాష్టారు ఊరినుంచి వచ్చారు. తెల్లటి గడ్డంతో.

"మీరు కూడానా మాష్టారూ?"

"లోకం అంతా ఒక దారిన పోతుంటే నేనొక్కణ్ణి నున్నగా తిరిగితే బాగుంటుందటయ్యా?"

కుర్చీలో కూచోలేదు. బల్ల మీద కూచుని పేపరు చదివారు. వెళ్ళబోతూ నా భుజం మీద చెయ్యి వేసి, కాసేపు అలాగే ఉంచి వెళ్ళారు. ఆయన కుర్చీలో కూచోక పదకొండు రోజులు. ఆ కుర్చీ నేను కొన్న రోజున మొదట కూచున్నది ఆయనే.

మార్చి 15, సోమవారం

పేపరువాళ్ళు వచ్చారు. ఎవరు చెప్పారో తెలీదు, కందిరీగే అయి ఉంటాడు. బడ్జెట్ మీద జనం ఏమంటున్నారో రాస్తున్నారట. మిగతా వీధుల్లో అందరూ ఒకటే పాట పాడుతున్నారనీ, మా వీధిలోనే ఏదో కొత్తగా ఉందనీ విలేఖరి సంబరపడిపోయాడు. పదకొండుమంది గడ్డాలవాళ్ళని షాపు ముందు వరసగా నిలబెట్టి, నన్ను మధ్యలో ఉంచి, చేతిలో కత్తి పట్టుకోమన్నాడు.

"పన్ను తీసేస్తే ముందు ఎవరికి గడ్డం చేస్తారు?" అని అడిగాడు.

"మాష్టారికి" అన్నాను. "సగంలో ఆగిపోయింది ఆయనది."

అందరూ నవ్వారు. మాష్టారు కూడా నవ్వారు గానీ ఆయన చెయ్యి గడ్డం కిందకి పోయింది.

మార్చి 17, బుధవారం

ఫోటో పడింది. నాలుగో పేజీ, పైభాగం. "పన్నుపోటుకు గడ్డాల జవాబు" అని పెద్ద అక్షరాలు. అందరూ చక్కగా పడ్డారు, కందిరీగ ముక్కు మీది మచ్చ కూడా కనిపిస్తోంది. నా చెయ్యి, కత్తి మాత్రం మసకగా వచ్చాయి. ఫోటోగ్రాఫరు కొత్తవాడనుకుంటాను.

మా ఆవిడ ఆ ఫోటో కత్తిరించి దాచింది. కత్తిరించే ముందు చాలాసేపు చూసింది.

మార్చి 19, శుక్రవారం

ఈ రోజు టైలరు మీద కోపం వచ్చింది.

పదిన్నరకి ఎవరో కొత్త మనిషి వచ్చాడు. పన్నెండింటికి ఉద్యోగానికి ఇంటర్వ్యూ, త్వరగా గడ్డం చెయ్యాలన్నాడు. పద్దెనిమిది రోజుల తర్వాత మొదటి గడ్డం. నురగ కలిపాను, బ్రష్ వేశాను, కత్తి తోలుపట్టీ మీద నాలుగు సార్లు రాశాను. ఇంతలో ఎదుటినుంచి టైలరు, మెళ్ళో టేపుతో, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చాడు.

"లెండి, లెండి. ఈ వీధిలో గడ్డం గీయరు" అన్నాడు.

"గీయకపోవడమేంటండీ?" అన్నాడు నురగ మొహంతో ఆ మనిషి.

"దీక్షలో ఉన్నాం. పేపరు చూడలేదా? రెండు వీధులవతల అద్దాల సెలూనుంది, నేనే దింపుతాను, డబ్బులు నేనిస్తాను."

అతని చెయ్యి పట్టుకుని లేపి, ఆ నురగతోనే సైకిలెక్కించుకుపోయాడు. నేను కత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాను. ఉద్యమం మరీ తలకెక్కింది ఇతనికి.

సాయంత్రం వచ్చి, "తప్పయిపోయింది అన్నయ్యా, ఆవేశంలో..." అంటూ నేలచూపులు చూశాడు. కోపం అక్కడే పోయింది. నా కోసమే కదా ఇదంతా. ఇలాంటి వీధి ఎంతమందికి దొరుకుతుంది.

మార్చి 26, శుక్రవారం

మా చిన్నమ్మాయి వచ్చింది. టైలరు చెప్పిన ఆ అద్దాల సెలూన్లోనే పనిచేస్తుంది. పన్నెండు కుర్చీలు, చల్లగా ఉంటుంది, లోపలికెళితే మందుల వాసన. కత్తి పట్టడం నేర్చుకున్నది మాత్రం నా దగ్గరే. పదేళ్ళ పిల్లప్పుడు బెలూన్‌కి నురగ రాసిచ్చి గీయమనేవాణ్ణి. మూడో రోజునించీ ఒక్క బెలూనూ పేలలేదు. కిందటేడు మన షాపుకే వచ్చేస్తానంది. నేనుండగా నీకెందుకే అన్నాను.

"మా దగ్గర కొత్త పన్ను రేటు ఒకటో తారీకునించి వేస్తున్నారు నాన్నా" అంది.

"ఇక్కడ వెయ్యం. నేను భరిస్తున్నాను" అన్నాను.

అది నోరు తెరిచింది. వాళ్ళమ్మ వైపు చూసింది. మళ్ళీ మూసింది.

ఏప్రిల్ 1, గురువారం

పన్ను ఈ రోజునించే. షాపు తుడిచి, అద్దం తుడిచి, కత్తి పదును పెట్టి పెట్టాను. ఎవరికి అని అడగకూడదు.

ఏప్రిల్ 5, సోమవారం

పన్నుల ఆఫీసుకి వెళ్ళాను. కట్టాల్సింది కట్టేస్తే మనసుకి బరువు తగ్గుతుందని. గుమాస్తా కళ్ళజోడు మనిషి, మర్యాదగా కూచోమన్నాడు.

"ఎన్ని కుర్చీలండీ?"

"ఒకటి. ఇంకోటుంది గానీ దానికి మూడు కాళ్ళే."

అతను కాగితం పక్కన పెట్టేశాడు. "నాలుగు కుర్చీలు దాటితేనే ఈ పన్ను. మీకు పాతదీ లేదు, కొత్తదీ లేదు."

"రేడియోలో చెప్పారు కదండీ."

"రేడియోలో అంత వివరంగా ఎక్కడ చెబుతారు. మర్నాడు పేపర్లన్నిటిలో వచ్చింది. ఆగండాగండి, మీది ఆ గడ్డాల వీధి కదూ?"

అవునన్నాను, కాస్త గర్వంగానే.

"మీ వీధి నుంచి ఒక పెద్దాయన మొదటి వారంలోనే వచ్చి అడిగారే. మెడకి కట్టుంది. ఒక్క కుర్చీ షాపుకి పన్ను పడుతుందా అని. పడదంటే, అదే కాగితం మీద రాసిమ్మన్నారు. రాసిచ్చాను. వెంట మెళ్ళో టేపు వేసుకున్నాయన కూడా ఉన్నారు. వాళ్ళు మీకు చెప్పలేదూ?"

చెప్పారు, నేనే మరిచిపోయాను అన్నాను.

మొదటి వారం. ఊరెళ్ళారన్న వారం. మెడకి కట్టు.

ఇంటికి నడిచే వచ్చాను. బస్సులు రెండు నా పక్కనించే పోయాయి.

ఏప్రిల్ 6, మంగళవారం

షాపు తెరవలేదు.

ఏప్రిల్ 7, బుధవారం

ఈ డైరీ మొదటినుంచి చదివాను. ఎవరో పచ్చి అబద్ధాలకోరు రాసినట్టుంది. దువ్వెనదట తప్పు. ఫోటోగ్రాఫరుదట. పెన్నుదట.

నిన్న తలుపు వేసుకుని అద్దం ముందు కత్తి పట్టుకుని నిలబడ్డాను. నాకు తెలీదని ఎవరికి చెప్పను? ముందటేడు దీపావళో కిందటి ఉగాదో అని గుర్తు కూడా పెట్టుకోలేదు గానీ ఏడాది దాటింది. మొదట చిటికెనవేలు వణికేది. తర్వాత చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైంది. డాక్టరు ఇచ్చిన మాత్రలు నురగ డబ్బా వెనక దాచాను. వేసుకుంటే జబ్బు ఉన్నట్టు, వేసుకోకపోతే లేనట్టు. ఆ రోజు చెయ్యి కదిలింది మంత్రిగారు ఆ మాట అనక ముందే. రేడియోలో ఇంకా సైకిల్ టైర్ల సంగతే నడుస్తోంది. ఇది ఈ పుస్తకంలో రాయడానికి ముప్పై ఏడు రోజులు పట్టింది.

ముందు సిగ్గు వేసింది. వెనకాల ఎంత నవ్వుకుని ఉంటారో అనుకున్నాను. నవ్వుకోవడానికి ఎవరూ నెల రోజులు దురద భరించరని ఆ తర్వాత తట్టింది.

రెండు వీధులవతల అద్దాల సెలూనుంది. ఒక్కరూ వెళ్ళలేదు. వెళితే నేను చూస్తాను. ఇంట్లో గీసుకోలేదు, నున్నటి మొహంతో వస్తే నాకు తెలిసిపోతుంది. నా కత్తి కింద మెడ పెట్టలేరు, ఇంకొకరి కత్తి కింద పెట్టడానికి మనసొప్పలేదు. అందుకని పెంచారు. మాష్టారు ఎండలో నడిచేటప్పుడు గడ్డం గోక్కోవడం నేనే చూశాను. పోస్ట్‌మానుని పై ఆఫీసరు పిలిచి మందలించాడట. టైలరు పెళ్ళాం అతనితో రెండు రోజులు మాట్లాడలేదట. ఇక కందిరీగ. ఏ రహస్యమైనా భోజనాల వేళ దాకా ఆపుకోలేని మనిషి, అయిదు వారాలు నోరు కుట్టుకుని కూచున్నాడు. అందరికంటే పెద్ద దీక్ష చేసింది వాడే.

కటింగ్‌కి మాత్రం ఎందుకొచ్చారంటే, కత్తెర తప్పితే పోయేది వెంట్రుకలే. టైలరు ఆ మెట్ల తలతో పెళ్ళికి కూడా వెళ్ళొచ్చాడు.

మా ఆవిడ టీ తెచ్చింది. సగం కప్పు.

"నీకెప్పటినించి తెలుసు?" అన్నాను.

ఏమిటని అడగలేదు. "సగం కప్పు పోసినప్పటినించి" అంది.

"ఒక్క మాట చెప్పొచ్చు కదా."

"చెబితే కత్తి పక్కన పెట్టేవారా?"

"పెట్టేవాణ్ణి కాదు."

"అందుకే."

పక్కన కూచుని నా కుడిచేతిని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుంది. అది పిట్టలా కదులుతూనే ఉంది. "మాత్రలు డబ్బా వెనకున్నాయి, రేపట్నించి నేనే ఇస్తాను" అంది. అది కూడా తెలుసన్నమాట.

నేను అదృష్టవంతుణ్ణి. ఇంతకుముందు ఈ మాట చాలాసార్లు అని ఉంటాను, అర్థం తెలిసి అనడం ఇదే.

ఏప్రిల్ 8, గురువారం

అద్దాల సెలూనుకి వెళ్ళాను. గుమ్మం దగ్గర పిల్ల ఎవరో, "కటింగా, షేవింగా అంకుల్?" అంది. మా అమ్మాయితో పనుందన్నాను.

చిన్నది చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నా మొహం చూసి కంగారు పడింది.

"మన షాపుకి వస్తావుటే?" అన్నాను.

కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ అది నా కూతురు, బేరం మొదలుపెట్టింది.

"జీతం ఏమిస్తారు?"

"మీ అమ్మ చేతి టీ. నీకైతే నిండు కప్పు."

"కుర్చీ నాది. రేడియో మీది. నేను గడ్డం చేస్తుంటే వార్తలు పెట్టకూడదు."

ఒప్పుకున్నాను. నెల జీతం వదులుకుని వస్తోంది. ఆ మాట నేనెత్తితే, "మీరు పన్ను భరిస్తానన్నారు కదా, ఇది నేను భరిస్తాను" అంది. దానికి కూడా ఎగతాళే.

ఏప్రిల్ 10, శనివారం

మొదట నన్నే కూచోమంది. ఈ కుర్చీలో నేను గడ్డం కోసం కూచోవడం ఇదే మొదలు. పైనుంచి చూస్తే చాలా కిందికి ఉన్నట్టుండేది. కూచుంటే అద్దంలో వీధంతా కనిపిస్తుంది. ఇన్నేళ్ళూ వీళ్ళు ఇది చూస్తున్నారన్నమాట.

నురగ నేనే కలుపుతానన్నాను. గిన్నెలో బ్రష్ పెట్టగానే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. రెండు నిమిషాల్లో వెన్నలాంటి నురగ. ఇంత చిక్కగా నా మంచి రోజుల్లో కూడా రాలేదు. చిన్నది గిన్నెలోకి చూసి, "నాన్నా, ఇది మాత్రం నాకు రాదు" అంది.

కళ్ళు మూసుకున్నాను. గొంతు దగ్గరికి కత్తి వచ్చినప్పుడు తెలిసింది, మాష్టారు ముప్పై నాలుగేళ్ళు నాకు ఇచ్చిందేమిటో.

ఏప్రిల్ 11, ఆదివారం

పొద్దున్నే షాపు బయట పలక వేలాడదీశాను. సుద్దముక్కతో చిన్నది రాసింది, నేను చెప్పాను: పన్ను రద్దయింది. నేటినుండి గడ్డం మా అమ్మాయి చేయును. నురగ యజమాని.

ముందు టైలరు చూశాడు. సూది నోట్లో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కందిరీగ వచ్చి చదివి, ఏదో అనబోయి, జీవితంలో రెండోసారి ఆపుకున్నాడు. తొమ్మిదింటికి మాష్టారు వచ్చారు. కళ్ళజోడు సర్దుకుని పలక రెండుసార్లు చదివారు.

"ఎప్పుడు రద్దయిందయ్యా?"

"నిన్న సాయంత్రం మాష్టారూ."

"పేపర్లో రాలేదే."

"మన వీధి వరకే."

ఆయన నా మొహంలోకి చూశారు. నేను ఆయన మొహంలోకి చూశాను. ఎవరమూ నవ్వలేదు.

"అయితే దీక్ష నెరవేరినట్టే" అన్నారు మాష్టారు, వెనక్కి తిరిగి వీధికి వినపడేలా. "గవర్నమెంటు దిగొచ్చింది." వీధిలో ఎవరో చప్పట్లు కొట్టారు. టైలరు తల తిప్పుకుని సూదిలో దారం ఎక్కించసాగాడు, ఎంతకీ ఎక్కలేదు.

మాష్టారు కుర్చీలో కూచున్నారు. నురగ నేను రాశాను. ఆయన గడ్డం మీద బ్రష్ తిరుగుతుంటే కళ్ళు మూసుకుని, "చాన్నాళ్ళయిందయ్యా" అన్నారు. చిన్నది పని మొదలుపెట్టింది. చెంపలు, పెదవి పైన, ఆ తర్వాత గడ్డం కింద. అక్కడ దాని చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నన్ను చూడనివ్వకుండా కాస్త పక్కకి జరిగింది గానీ ఎదురుగా అద్దముంది.

గొంతుకి రెండు వేళ్ళ పైన, ఎర్రగా, నా చూపుడువేలంత మచ్చ. మూడు కుట్లు.

గడ్డం పెంచింది పన్నుకీ కాదు, నా కత్తికి భయపడీ కాదు. ఆయన మాత్రం ఇది నా కంట పడకూడదని పెంచారు.

నురగ గిన్నె అద్దం ముందు పెట్టేశాను. మాష్టారూ అన్నాను.

ఆయన కళ్ళు తెరవకుండానే, "బడ్జెట్ అన్నాక ఎవరో ఒకరికి తగులుతుందిలేవయ్యా" అన్నారు. "అమ్మాయి చెయ్యి బాగుంది. నీ చెయ్యే."

ఆ తర్వాత పదిమంది కూచున్నారు. నేల మీద నల్లవీ తెల్లవీ గుట్టగా పడ్డాయి. మందుల షాపు ముసలాయన అద్దంలో చూసుకుని తనని తాను పలకరించుకున్నారు. కందిరీగ గడ్డం పోయేసరికి నోరు కూడా తిరిగొచ్చింది. లేస్తూనే ప్రభుత్వాన్ని తిట్టడం మొదలుపెట్టాడు. నేను మాత్రం తిట్టలేదు. ఆ మంత్రిగారు ఎవరో, ఎక్కడుంటారో, ఆయన వేసిన పన్ను నాకు పడలేదు గానీ అది లేకపోతే ఇంతమందికి నన్ను కాపాడుకోవడానికి ఒక సాకు దొరికేది కాదు. ఆయనకీ ఒక దణ్ణం.

మధ్యాహ్నం మా ఆవిడ టీ తెచ్చింది. నిండా పొయ్యమన్నాను. పోసింది. కొంచెం ఒలికింది. తుడిచింది.

ఇప్పుడే మార్చి ఒకటో తారీకు పేజీ తీశాను. "ఆవగింజంత గాటు" అన్నది కొట్టేసి, పైన "మూడు కుట్లు" అని రాశాను. అక్షరాలు వంకరగానే వచ్చాయి. పెన్ను మంచిదే.